ఒకామెకు గిట్లున్నదంట

పోయిన నెల నాకొక కార్డు వచ్చింది. గద్వాలకు నాలుగు కోసుల అవతల ఒక పెద్ద ఊళ్లో, నేను పదకొండేళ్లు పనిచేసిన చిన్న దవాఖాన నుంచి. రాసినవాడు ఇప్పుడు అక్కడ రిజిస్టరు రాస్తున్న కొత్త గుమాస్తా. అతన్ని నేను చూడలేదు. బూబమ్మ చనిపోయిందని, శుక్రవారం నమాజు తర్వాత మట్టి చేశారని రాశాడు. రొమ్ములో గడ్డ పుండై, చేయి వాచి, చివరి రెండు నెలలు మంచం మీదే ఉందట. ఏడాదికి పైగా దాచిపెట్టిందని, ఎవరికీ చెప్పలేదని డాక్టరు గారు చాలా బాధపడుతున్నారట. ఆమె పెట్టెలో నా చేతిరాతతో ఒక చీటీ దొరికిందట. హైదరాబాదులో ఆడవాళ్ల దవాఖానకు రాసిన చీటీ. రోగి పేరు రాయవలసిన చోటు ఖాళీగా ఉందని, అది ఎవరికోసం రాశారో తెలిపితే వాళ్లకు చేరుస్తానని అడిగాడు.

ఎవరికీ చెప్పలేదన్న మాట నిజం కాదు. నాకు చెప్పింది. రెండు రోజులు ప్రయాణం చేసి, నేను ఇప్పుడుంటున్న నాగర్‌కర్నూలు వచ్చి, నా ఎదురుగా కూర్చుని చెప్పింది. నాకు అర్థం కాలేదు. నేను ఆమెకు కొత్తవాణ్ణి కాను. ఆమె పని చేసే తీరు పదకొండేళ్లు పక్కన కూర్చుని చూసినవాణ్ణి. ఆ తీరు ఎట్లాంటిదో చెబితేగాని నేను చేసిన పొరపాటు ఎట్లాంటిదో తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఊరంతా ఆమెను బూబమ్మ అనేది. మా దిక్కు సాయిబుల ఇండ్లలో పెద్ద ఆడమనిషిని అట్లాగే పిలుస్తారు. అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. భర్త అదే దవాఖానలో కట్లు కట్టేవాడు. ప్లేగు వచ్చిన ఏడాది పోయాడు. పిల్లలు లేరు. ఆయన పోయాక ఆమెను ఆయాగా పెట్టుకున్నారు. ఊడ్వడం, కట్టుగుడ్డలు ఉడకబెట్టడం, ఆడవాళ్ల గది చూసుకోవడం ఆమె పని. మందుల గది గోడకు ఆనించి కట్టిన ఒంటిగదిలో ఉండేది. ఒక మంచం, ఒక రేకు పెట్టె, ఒక పొయ్యి.

నేను రైతు బిడ్డను. గద్వాలలో ఉర్దూ బడిలో ఏడు తరగతులు చదివితే రిజిస్టరు రాసే పని దొరికింది. డాక్టరు గారు హైదరాబాదు మనిషి. మంచి వైద్యులు. ఆయనకు తెలుగు రాదు, వచ్చేవాళ్లలో చాలామందికి ఉర్దూ రాదు. మగవాళ్ల సంగతి నా ద్వారా ఎట్లాగో జరిగిపోయేది. ఆడవాళ్ల సంగతి జరిగేది కాదు.

మొదట్లో ఆడవాళ్లు వచ్చేదే తక్కువ. వచ్చినా తమకోసం వచ్చామని చెప్పేవాళ్లు కారు. అరుగు పక్కన నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మా ఊర్ల ఒకామెకు గిట్లున్నదంట" అనేవాళ్లు. ఆ ఒకామె తోడికోడలో, పక్కింటామెనో, చుట్టాలామెనో అయ్యేది. నేను కొత్తలో నమ్మాను. ఆమెనే తోలుకరండి అని చెప్పి, రోగి రాలేదని రాసి పంపించేవాణ్ణి. చూడకుండా మందు ఇవ్వడం తప్పని డాక్టరు గారు కూడా అదే అనేవారు. మేము చెప్పిన మాటలో తప్పేమీ లేదు. కాని తోలుకరమ్మన్న ఆ ఒకామె ఎప్పుడూ రాలేదు.

ఒక వానకాలం కృష్ణ ఒడ్డు ఊరి నుంచి ఒక ఆడమనిషి వచ్చింది. పాతికేళ్లు ఉంటాయి. మోకాళ్ల దాకా బురద. మా వదినెకు కాన్పయినప్పటి నుంచి ఏదో కిందికి జారినట్టు ఉంటుందట, బిందె ఎత్తలేకపోతున్నదట అని, నా వైపు చూడకుండా గోడకు చెప్పింది. నేను మామూలు మాటే చెప్పాను. ఆమె తల ఊపి వెనక్కి తిరిగింది. అప్పుడు బూబమ్మ అరుగు తుడుస్తున్నది. చేతిలో తడిగుడ్డ అట్లాగే పట్టుకుని గేటు దాకా పోయి ఆమెను పిలుచుకొచ్చింది.

"మీ వదినె రాకుంటె మాయె. నీకు చెప్తె నువ్వు పోయి చెప్పవా ఏంది? కూసో."

ఆమె కూర్చుంది.

"మీ వదినె నీయంతనే ఉంటదా, నా లెక్క లావుంటదా?"

"నాయంతనే."

"నేనామెను చూడలే గద బిడ్డా. జర నీ మీద చూపెట్టు, ఆమెకు ఏడ బరువనిపిస్తదో."

 ఆమె చేయి పెట్టి చూపించింది. బూబమ్మ ఆమెను లోపలి గదిలోకి తీసుకుపోయింది. చాలాసేపటికి బయటికి వచ్చి డాక్టరు గారికి అంతా ఉర్దూలో చెప్పింది. ఎన్నో కాన్పు, మంత్రసాని ఏం చేసింది, కాన్పయిన ఎన్నోనాడు నీళ్ల బిందె నెత్తికెత్తారు, ఇప్పుడు ఎట్లా ఉంది. డాక్టరు గారు విని, రోగి ఎక్కడ అని అడిగారు. ఇంటి దగ్గరే ఉంది సాబ్ అన్నది బూబమ్మ. లోపల కూర్చున్నది ఎవరు అన్నారు. ఆ రోగి ఆడబిడ్డ అన్నది. ఆయనకు కోపం వచ్చింది. అబద్ధానికి మందు ఇవ్వను అన్నారు. దానికి ఆమె ఉర్దూలోనే ఒక మాట అన్నది. తెలుగులో అయితే ఇట్లా ఉంటుంది: పేరు వేరేవాళ్లదైతే ఏమైంది సాబ్, నొప్పి ఈమెదే.

డాక్టరు గారు కొంచెంసేపు కలం మూత తిప్పుతూ కూర్చున్నారు. తర్వాత లేచి గడప ఇవతల నిలబడి ఏం చేయాలో చెప్పారు. లోపల బూబమ్మ చేసింది. నెల తర్వాత ఆ ఆడమనిషి ఒడిలో పల్లికాయ కట్టుకుని వచ్చింది. మా వదినె ఇప్పుడు కలుపుకు పోతున్నదని చెప్పింది.

"మీ వదినెకు సలాం చెప్పు," అన్నది బూబమ్మ. "బరువులు ఎత్తొద్దను."

"ఎత్తకుంటె అత్త ఊకుంటదా?"

"ఎవలత్త? నీ అత్తనా, మీ వదినె అత్తనా?"

ఆమె కొంగు చాటున నవ్వింది. నాకు కూడా నవ్వొచ్చింది గాని రిజిస్టరులో తల దూర్చాను. అప్పటికి నేను నేర్చుకున్నది అంతే, నవ్వు దాచుకోవడం.

ఆ తర్వాత అదే పద్ధతి అయింది. ఎవరైనా ఒకామెకు అని మొదలుపెడితే నేను మాట్లాడకుండా బూబమ్మ వైపు చూసేవాణ్ణి. ఆమె ఆ ఒకామె వయసు, ఒడ్డూ పొడుగూ అడిగేది. నాయంతనే అని జవాబు రాగానే లేచేది. నాయంత కాదు, నాకంటే పెద్దది, బక్కది అని ఎవరైనా అంటే అది నిజంగానే వేరే మనిషి అని, ఆ ఊరికి కబురు పంపేది. ఈ లెక్క ఎప్పుడూ తప్పలేదని అనను. చాలావరకు తప్పలేదు. అబద్ధం చెప్పేవాళ్లకు మనిషిని మార్చడం చేతనవుతుంది గాని ఒళ్లు మార్చడం తోచదు అని ఒకసారి నాతో అన్నది. ఎవరినీ ఒక్కనాడు కూడా, ఆ ఒకామెవు నువ్వే గదా అని అడగలేదు. మందు ఇచ్చేటప్పుడు కూడా ఆమెకు చెప్పు, ఆమెకు తాపించు అనేది. గడప దాటేదాకా ఆ మర్యాద విడిచేది కాదు.

గదిలో ఒక దుప్పటి అడ్డం కట్టి, ఇటు డాక్టరు గారు, అటు రోగి ఉంటే, అంచు దగ్గర బూబమ్మ నిలబడేది. ఆయన ఒక్క మాట అడిగేవారు. ఆమె దాన్ని అటు తిప్పేసరికి పది మాటలయ్యేవి. నెల తప్పిందా అని ఆయన సూటిగా అడిగితే, ఆమె ముందు ఆ ఇంట్లో చిన్నపిల్లలు ఎందరు, బయట కూర్చుంటే వంట ఎవరు చేస్తారు అని మొదలుపెట్టి, పోయినసారి ఎన్నాళ్లు వండలేదు అన్నదాకా వచ్చేది. నేను ఒక మాట అడిగితే నువ్వు ఇంటి కథంతా అడుగుతావేమిటని డాక్టరు గారు విసుక్కునేవారు. రోగం ఆ ఇంటి కథలోనే ఉంటది సాబ్ అనేది. ఇది గొప్ప కోసం అన్న మాట కాదు. పనికి తొందర పెడితే చెప్పే సాకులాగా అనేది.

చలిజ్వరం రోజుల్లో ఒకామెకు మూడుసార్లు మందు ఇచ్చినా తగ్గలేదు. మూడు పూటలా తిన్న తర్వాత తాగమని నేనే చెప్పాను. డాక్టరు గారు చెప్పింది చెప్పినట్టు తెలుగు చేశాను. బూబమ్మ ఆమెతో మాట్లాడి వచ్చి, మూడు పూటలు ఎవరింట్లో తింటారు అని నన్నే అడిగింది. పొద్దున జొన్న గటక, మాపటికి రొట్టె. అందులో ఆమె శనివారం ఒక్కపొద్దు. అందరూ తిన్నాక మిగిలితే తింటుంది. మిగలకపోతే తినదు. తినని పూట మందు తాగలేదు. నేను రైతు ఇంట్లో పుట్టినవాణ్ణి, మా అమ్మ కూడా అట్లాగే తినేది. నాకు తట్టలేదు. అప్పటి నుంచి బూబమ్మ తిండి మాట తీసేసింది. వాకిలి ఊడ్చినంక ఒకటి, పశువులను ఇడిసినంక ఒకటి, దీపం పెట్టినంక ఒకటి అని చెప్పేది. "తిండి తప్పుతది గాని పని తప్పుతదా బేటా?" అన్నది నాతో.

అన్నీ ఆమె మార్చిందని చెబితే అది నిజం కాదు. అరుగు మీద కూర్చునేవాళ్లు, మెట్ల కింద కూర్చునేవాళ్లు వేరువేరుగానే ఉండేవాళ్లు. ఆమె దాని జోలికి పోలేదు. కాని పిలిచే వరుస మాత్రం వచ్చిన వరుసే. అరుగు మీది వాళ్లు మూతి ముడుచుకుంటే విననట్టు ఉండేది. తన చేతి నీళ్లు తాగని వాళ్లను చెంబు, నీళ్లు ఇంటి నుంచే తెచ్చుకొమ్మనేది. పొడి కాగితంలో ఇచ్చి, కలుపుకునేది వాళ్లనే కలుపుకోమని, తాను రెండడుగులు వెనక్కి జరిగేది. అందులో ఆమెకు బాధ ఉందో లేదో నాకు తెలియదు. నేను అడగలేదు.

మంగళవారం సంత. దవాఖానకు అరగడియ నడక. ఆమె ఉల్లిగడ్డలకో, కిరసనాయిలుకో పోయేది. ఒకసారి నేనూ వెంట పోయాను. ఆ కృష్ణ ఒడ్డు ఆడమనిషి ఎదురుగా వచ్చింది. వెంట అత్త ఉంది. నేను పలకరించబోయాను. బూబమ్మ నా మోచేయి పట్టుకుని పక్క దుకాణం వైపు తిప్పింది. ఆ ఆడమనిషి కూడా మమ్మల్ని ఎన్నడూ చూడనట్టే పోయింది. ఆ పూట అట్లాంటి వాళ్లు ఏడెనిమిదిమంది ఎదురయ్యారు. ఒక్కరూ పలకరించలేదు. ఆమె ఒక్కరినీ గుర్తుపట్టలేదు. తిరిగి వచ్చేటప్పుడు అడిగాను.

"నాతోని మాట్లాడితె ఇంట్లోళ్లు అడుగుతరు గద," అన్నది. "గామె నీకెట్ల తెలుసు, దవాఖానకు ఎందుకు పోయినవ్ అని."

"మరి నీకు ఎట్లుంటది?"

"ఏమున్నది. ఉల్లిగడ్డలు తెచ్చుకున్న గద."

చుట్టుపక్కల పదిహేను ఊళ్లలో ఆడవాళ్ల కడుపులో సంగతులు ఆమెకు తెలుసు. ఆ ఊళ్లలో ఒక్క ఇంటికి పోయి ఆమె అరుగు మీద కూర్చోగలిగేది కాదు. పెళ్లిళ్లకు పిలిచేవాళ్లు కారు. పిలవకపోవడమే మంచిదని ఆమే అనేది. రంజాను నాడు షీర్ ఖుర్మా మూడు గిన్నెలు చేసేది. ఒకటి డాక్టరు గారికి, ఒకటి నాకు, ఒకటి తనకు. దవాఖాన మూసిన తర్వాత తన గది గడప మీద కూర్చుని కందిపప్పులో రాళ్లు ఏరుకునేది. నేను పక్కన నిలబడి ఏదైనా మాట మొదలుపెడితే, పొద్దంతా మాట్లాడి నోరు నొస్తున్నది బేటా, నువ్వే చెప్పు అనేది. నేను నా సంగతులు చెప్పేవాణ్ణి. పెళ్లి సంగతి, పొలం తగాదా, అన్నతో మాట పట్టింపు. ఆమె వినేది. పదకొండేళ్లలో ఆమె తన గురించి చెప్పిన మాటలు కూడదీస్తే ఒక కార్డు మీద పడతాయేమో. పొద్దంతా ఆమె మాట్లాడినవన్నీ వేరేవాళ్ల మాటలని నాకు అప్పుడు తోచలేదు.

నాకు నాగర్‌కర్నూలు దవాఖానకు బదిలీ అయింది. పోయేటప్పుడు ఆమె చెప్పింది ఒకటే. కొత్త గుమాస్తా వచ్చేదాకా రిజిస్టరు డాక్టరు గారే రాస్తారట, ఆయన రాత తనకు బాగా కలిసొస్తుందట, ఎవరికీ చదవడం రాదు గనుక. ఆమె ఆడిన వేళాకోళాల్లో అదొకటి.

నాలుగేళ్లు గడిచాయి. పోయిన ఏడు వానలు వెనకబట్టాక ఒకనాడు పొద్దున మా ఇంటి ముందు బూబమ్మ బస్సు దుమ్ముతో నిలబడింది. గద్వాలలో రైలెక్కి, వనపర్తి రోడ్డులో దిగి, వనపర్తి మీదుగా వచ్చిందట. ఇక్కడి దర్గాకు ఉర్సుకు వచ్చానని, ఎట్లాగూ వచ్చాను గనుక చూసిపోదామనుకున్నానని అన్నది. కొంచెం చిక్కింది. ముఖం అట్లాగే ఉంది. నా భార్య కాళ్లకు నీళ్లిచ్చింది. పిల్లలను పిలిచి చూసింది. జొన్న రొట్టె, పుంటికూర తిన్నది. తర్వాత మా అరుగు మీద నా ఎదురుగా కూర్చుంది.

"మా దిక్కు ఒకామె ఉన్నది బేటా," అన్నది. "రొమ్ముల గడ్డ ఉన్నదంట."

ఎన్నాళ్ల నుంచి అని అడిగాను. పీర్ల పండుగ ముందు నుంచట. నొప్పి లేదట. రాయిలాగా ఉందట. ఈ మధ్య పైన తోలు లోపలికి గుంజుకున్నట్టు అయిందట.

నాకు ఇందులో వింత ఏమీ కనబడలేదు. అక్కడ ఉన్నప్పుడు కూడా వేరే ఆడవాళ్ల కోసం రెండుసార్లు ఆమె నాతో హైదరాబాదు పట్నం దవాఖానకు చీటీలు రాయించింది. ఆ దవాఖానలో నాతో చదువుకున్నవాడు ఒకడు పనిచేస్తున్నాడు. ఇప్పుడూ అందుకే వచ్చిందనుకున్నాను.

"ముందు డాక్టర్ సాబుకు చూపెట్టమను," అన్నాను. "ఆలస్యం చేయొద్దను."

"సిగ్గుపడుతున్నది."

"నడుమ నువ్వున్నవు గద."

ఆమె రోడ్డు వైపు చూసింది. "ఆఁ, నేనున్న," అన్నది.

వయసెంత ఉంటుందని అడిగాను. చీటీలో రాయడానికి.

"నాయంత ఉంటది."

యాభై అని రాసుకున్నాను. యాభై అని రాసిన చేతికి కూడా తెలియలేదు.

"కోస్తె బతుకుతరా బేటా?"

"ముందుగాల పోతె బతికినోళ్లున్నరు."

"ఎంత ముందుగాల?"

నాకు తెలియదని చెప్పాను. పట్నంలో డాక్టరమ్మ ఉంటుంది, ఆడమనిషే, భయం లేదు అన్నాను. అప్పుడు ఆమె ఇంకొకటి అడిగింది.

"ఒక్కతే పోతె ఉంచుకుంటరా? ఎంట ఎవరన్న ఉండాల్నా?"

"ఎవరన్న ఉంటె మంచిది. కోసినంక పది పదిహేనొద్దులు చూసుకోవాలె. ఆమెకు ఎవరున్నరు?"

"చూస్త," అన్నది బూబమ్మ. "అడిగి చూస్త."

చీటీ రాశాను. ఈ చీటీ తెచ్చిన ఆమె నాకు కావలసిన మనిషి, జర చూడండి అని రాశాను. అది నేను అందరికీ రాసే మాటే. పేరు అడిగితే ఇప్పుడు వద్దు, ఆమెను అడిగి ఎవరితోనైనా రాపిస్తానన్నది. అది కూడా మామూలే. పోతామని గట్టిగా అనుకునేదాకా ఆడవాళ్లు పేరు ఇచ్చేవాళ్లు కారు. మడిచి ఇస్తే కుడి చేత్తో తీసుకుని మూటలో పెట్టుకుంది.

మరునాడు పొద్దున బస్సెక్కించాను. ఉర్సు చూడలేదేమని అడిగితే, దర్గాకు దండం పెట్టుకున్న, చాలు అన్నది. ఇంటికి వచ్చాక నా భార్య, ఆమె తన చేత తల దువ్వించుకున్నదని చెప్పింది. "గామె ఎడమ చెయ్యి లేపుతలేదు," అన్నది. "వాతం అన్నది నాతోని." వయసు మీద పడుతున్నది గద అన్నాను నేను. తర్వాత చాలా రోజులకు, ఆ నెలలో ఇక్కడి దర్గాకు ఉర్సే లేదని దుకాణంలో ఎవరో అంటుంటే విన్నాను. పాపం, తిథి తప్పి వచ్చిందనుకున్నాను.

ఇక్కడ కూడా ఆడవాళ్లు అట్లాగే వస్తారు. మా ఊర్ల ఒకామెకు అంటారు. నాయంతనే అనగానే నేను వాళ్లను వెనక్కి పంపను. లోపల ఉన్న ఆయాను పిలుస్తాను. ఆ పని బూబమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఆ పూట మాత్రం అది గుర్తు రాలేదు. ఆమె నడుమ నిలబడే మనిషి అని నా మనసులో ముద్ర పడిపోయింది. దుప్పటికి అటువైపు ఆమెను కూర్చోబెట్టి నేను ఎన్నడూ చూడలేదు.

కార్డు వచ్చిన వారానికి సెలవు పెట్టి పోయాను. చేసేదేమీ లేదని తెలుసు. డాక్టరు గారు ముసలివారయ్యారు. నాకు కుర్చీ చూపించారు. పుండు వాసన వస్తేగాని తనకు తెలియలేదని, అప్పటికి చంకలో గడ్డలు కట్టి కోసే వేళ దాటిపోయిందని ఉర్దూలో చెప్పారు. పట్నం పంపుతానంటే వద్దన్నదట. అడిగినప్పుడల్లా బాగున్నాను సాబ్ అనేదట. ఊరి మంత్రసానిని పిలిపించి పక్కన నిలబెడితే, ఈమెకు ఇక్కడేం పని, పంపించెయ్యండి అన్నదట. చివరికి ఆయనే తనకు వచ్చిన నాలుగు తెలుగు ముక్కలతో, ఏడ నొస్తున్నది బూబమ్మా అని అడిగారట. ఆ తెలుగు ఆమె నోట విని విని వచ్చిందే. ఆమె నవ్విందట. మంచిగ నేర్చిండ్రు సాబ్ అన్నదట. జవాబు మాత్రం చెప్పలేదట.

ఆ చీటీ ఎవరిదో మీకు తెలుసా అని అడిగారు. తెలుసన్నాను. ఎప్పుడు, ఎట్లా అడిగిందో మొత్తం చెప్పాను. కొత్త గుమాస్తా తలుపు దగ్గర నిలబడి విన్నాడు. డాక్టరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇరవై ఏండ్లకు దగ్గరయింది, ఆమెను నేను అడిగిన మాటల్లో ఒక్కటి కూడా ఆమెకోసం అడిగింది కాదు అన్నారు.  నా లెక్క ఆయన లెక్క కంటే మెరుగ్గా ఏమీ లేదు. చీటీ నాకు తిరిగి ఇచ్చారు. నేను దాన్ని చించలేదు. పేరూ రాయలేదు.

ఆమె గది ఖాళీ చేశారు. మంచం దవాఖానదే. రేకు పెట్టె మసీదుకు ఇచ్చారట. ఆ పూట అరుగు మీద, మెట్ల కింద కలిపి మగవాళ్లే ఉన్నారు. ఆడవాళ్లు రావడం తగ్గిందని గుమాస్తా చెప్పాడు. వచ్చినవాళ్లు ఒకామెకు అంటే ఏం చేస్తున్నావని అడిగాను. "ఆమెనే తోలుకరమ్మంటున్న," అన్నాడు. కుర్రవాడు తప్పేమీ అనలేదు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, వయసు అడుగు, ఒడ్డూ పొడుగూ అడుగు అని నాకు తెలిసింది చెప్పాను. వాడు తల ఊపాడు. ఎంత ఎక్కిందో తెలియదు. అది చెబితే వచ్చే పని కూడా కాదేమో.

కబరస్తాన్ ఊరి బయట, బాట పక్కనే ఉంది. చుట్టూ మోకాలెత్తు రాళ్లగోడ. మట్టి ఇంకా కూర్చోలేదు. కుక్కలు తవ్వకుండా పైన తుమ్మకంప కప్పారు. గుమాస్తా చూపించి వెనక్కి పోయాడు. నేను గోడ లోపల ఒక రాయి మీద కూర్చున్నాను.

అది మంగళవారం. ఆ బాట మీదుగానే ఆడవాళ్లు గంపలు ఎత్తుకుని సంతకు పోతున్నారు. దూరం నుంచే వాళ్ల మాటలు వినపడుతున్నాయి. మిరపకాయల ధర, ఎవరిదో బర్రె ఈనిన సంగతి, ఎవరిదో కోడలు. గోడ మొదలైన చోటికి వచ్చేసరికి మాటలు ఆగాయి. ఎవరూ తల తిప్పలేదు. గోడ పొడవునా కాళ్ల చప్పుడు, కడియాల చప్పుడు. గోడ దాటాక ముందున్నామె ఏదో అన్నది, వెనకామె జవాబిచ్చింది. రెండో గుంపు కూడా అట్లాగే పోయింది. సమాధుల పక్కన ఎవరైనా గొంతు తగ్గిస్తారు. అంతకుమించి అందులో ఏమైనా ఉందో లేదో నేను చెప్పలేను.

మూడో గుంపులో ఒకామె వెనకబడింది. వెంట ఉన్నవాళ్లు పదడుగులు ముందుకు పోయారు. ఆమె గోడ దగ్గర ఆగి, రెండు చేతులు పైకెత్తి, నెత్తి మీది గంపను సర్దుకుంది. గంప జారలేదు, ఒరగలేదు. అట్లాగే కొంచెంసేపు పట్టుకుని నిలబడింది. తర్వాత చేతులు దించి, ముందువాళ్లను అందుకోవడానికి వేగంగా నడిచింది.